ఆమోదిత నాదం

వాద్యం మంచిదో కాదో తెలుసుకోవాలంటే వాద్యాన్ని చూడకూడదు, వాయించేవాడి ముఖం చూడాలి. మాజేటి గురునాథం ఇన్నేళ్ళ వ్యాపారంలో తేల్చుకున్న లెక్క ఇది.

ఆయనకు సంగీతం బొత్తిగా రాదు. తెనాలి మెయిన్ రోడ్డులో వాళ్ళ నాన్న పెట్టిన వాద్య భండారంలో కూర్చుని హార్మోనియాలు, తబలాలు, ఈమధ్య గిటార్లు అమ్ముతున్నాడు గాని, ఫలానాది ఏ స్వరం పలుకుతోందని అడిగితే "మంచి స్వరమేనండీ" అంటాడు. అయినా ఆయన అమ్మిన సరుకు తిరిగి వచ్చిన పాపాన పోలేదు. వాయించి చూసి వెంటనే ధర అడిగాడంటే వాడికి నచ్చలేదన్నమాట. రంగు గురించి అడిగాడంటే అల్లుడికి కానుక కొంటున్నాడన్నమాట. వాయిస్తూ వాయిస్తూ ధర అడగడమే మరిచిపోయాడంటే ఇక బేరం కుదిరినట్టే, చేతిలో ఉన్నది మంచి సరుకే.

అందుకే ఆ కొట్లో వాయించి చూడకుండా ఏ వాద్యమూ గడప దాటదు. "మన దగ్గర కొన్నది ఊళ్ళో అపస్వరం పలికిందంటే, పలికేది వాద్యం కాదురా, మన పేరు" అని చెప్పి వాళ్ళ నాన్న కన్నుమూశాడు. గురునాథానికి పొలం లేదు, మేడ లేదు. ఉన్న ఆస్తల్లా ఆ పేరే. పెట్టుబడిలో దాన్నే మొదటి పద్దు కింద వేసుకునేవాడు.

అలా ఉండగా ఊళ్ళో యువ నాద వికాస కేంద్రం వెలిసింది. యువత చేతిలోంచి సెల్‌ఫోను తీయాలంటే ఆ చేతిలో ఇంకేదో ఒకటి పెట్టాలని పైవాళ్ళెవరికో తోచింది. ఏం పెట్టాలా అని ఆలోచిస్తే ఎలక్ట్రిక్ గిటారు తోచింది. పది గిటార్లు కొనాలని ప్రకటన వచ్చింది. అంతకుముందు అదే కేంద్రం అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడి దగ్గర హార్మోనియాలు కొంటే, వాటి తిత్తులు వర్షాకాలం పిల్లికూతలు కూశాయి. ఆ అనుభవంతో ఈసారి ధర వాళ్ళే ఖాయం చేసి, ఎంపిక మాత్రం రెండే విషయాల మీద అన్నారు: వాయింపు సౌలభ్యానికి యాభై మార్కులు, నాద గుణానికి యాభై మార్కులు.

ప్రకటన చదివి గురునాథం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"చూశావా కనకం, గవర్నమెంటోళ్ళకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. వాయించి చూసి కొంటారంట!"

ఆయన భార్య కనకరత్నం తబలాకి పిండి రాస్తూ తల ఎత్తకుండానే అంది. "ముందు కొననివ్వండి. తర్వాత మెచ్చుకుందురుగాని."

ఆ సాయంత్రమే ప్రభుదాసు వచ్చాడు. చర్చిలో గిటారు వాయించే కుర్రాడు, కేంద్రంలో కొత్తగా శిక్షకుడిగా వేసుకున్నారు. పోటీకి పంపాల్సిన నమూనా ఏదైతే బాగుంటుందో చెప్పమని గురునాథమే పిలిపించాడు.

ప్రభుదాసు నాలుగు గిటార్లు దింపించాడు. అందరూ మొదట చెయ్యి వేసే నిగనిగలాడే ఎర్రదాన్ని పక్కన పెట్టేశాడు. ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెడ అంచుల వెంట బొటనవేలు జార్చాడు.

"ఏంటయ్యా, దానికి జ్వరం చూస్తన్నావా?"

"మెట్ల చివర్లు గుచ్చుకుంటాయేమో చూస్తున్నానండి, శెట్టిగారూ. పిల్లల వేళ్ళు కదా. ఒకసారి గీరుకుంటే మళ్ళీ ముట్టుకోరు."

తర్వాత తీగలు మెట్ల మీద ఎంత ఎత్తున ఉన్నాయో చూశాడు. మరీ ఎత్తయితే నొక్కలేక చెయ్యి నొప్పి, మరీ దిగువైతే తీగ మెట్టుకి తగిలి జుయ్యిమంటుందట. ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటాడు. చిన్న యాంప్‌కి కలిపి, ఒకే కీర్తనని నాలుగింటి మీదా వాయించాడు. మూడోది చేతికొచ్చాక ఆగడం మానేశాడు. అది పాత కొయ్యబల్ల రంగులో ఉంటుంది, ఏడాదిగా గోడకు వేలాడుతున్నా ఎవరూ అడగలేదు. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గుండెల మీద చెయ్యి వేసినట్టుగా పలికింది. రోడ్డు మీద అరటిపళ్ళ బండివాడు తూకం ఆపి ఇటు చూశాడు.

ప్రభుదాసు ధర అడగలేదు. గురునాథం మూడోదాన్ని పక్కకు తీయించాడు.

నమూనాలు ఇవ్వవలసిన రోజు దాన్ని గుడ్డలో చుట్టుకుని స్వయంగా తీసుకెళ్ళాడు. కేంద్రం ప్రత్యేకాధికారి దండమూడి విశ్వేశ్వరం గారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. బల్ల మీద కొవ్వొత్తి, లక్క కడ్డీ, ఇత్తడి ముద్ర, ఒక పురికొస ఉండ ఉన్నాయి. విశ్వేశ్వరం గారు మర్యాదస్తుడు, లంచం ముట్టడు, ఎవరినీ నిలబెట్టడు. నియమావళి తప్ప ఆయనకు వేరే వ్యసనం లేదు.

"కూర్చోండి గురునాథం గారూ. సదరు నమూనాను ముద్రాంకితం చేయవలసి ఉంది. గతంలో ఒక వర్తకుడు పరీక్షకు ముందు నమూనాలోని భాగాలు మార్చినట్లు రుజువైనందున, నమూనాలో కదిలే భాగములన్నిటినీ బంధించి ముద్ర వేయాలని ఉత్తర్వు." ఆయన గిటారు చుట్టూ ఒకసారి చూశారు. "ఇందులో కదిలే భాగములేవి?"

గురునాథం నిజమే చెప్పాడు. నిజం చెప్పడం వల్ల నష్టపోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

"ఈ మరలు తిరుగుతాయండి. ఈ బుడిపెలు తిరుగుతాయి."

"తీగలు?"

"వాయిస్తే కదులుతాయండి."

"అయితే బంధించాలి."

"అయ్యా, తీగ కట్టేస్తే ఇంకెట్లా పలుకుతుందండీ?"

విశ్వేశ్వరం గారు దయగా నవ్వారు. "పలుకుట పరీక్ష నాటి విషయం. నేడు స్వీకరణ మాత్రమే."

ఆరు తీగల్నీ మెడకు కలిపి పురికొసతో నాలుగు చుట్లు చుట్టారు. గిటారు పొట్ట దగ్గర ఇంకో నాలుగు చుట్లు. ముడి మీద లక్క కరిగించి పోశారు. కొత్త కొవ్వొత్తి కావడంతో మంట బాగా లేచి, గురునాథం గిటారు మీద లక్క కాస్త ధారాళంగా పడింది. ఆ ముద్దలో ఇత్తడి ముద్ర దిగబడింది. మరలకీ బుడిపెలకీ కూడా తలో చుక్క వేశారు.

పరీక్ష రోజున కమిటీ కూర్చుంది. విశ్వేశ్వరం గారు అధ్యక్షులు. లెక్కల శాఖలో రిటైరైన ఒకాయన, చేపల శాఖ నుంచి వచ్చిన ఒకాయన సభ్యులు. చేపల శాఖాయనకు సంగీతంతో ఎట్టి సంబంధమూ లేదని ధ్రువపత్రం కూడా జతపరిచారు. ప్రభుదాసును మాత్రం తలుపు అవతల నిలబెట్టారు.

"మీరు గిటారు వాయించెదరు గదా? అనగా గిటార్లతో మీకు పూర్వ పరిచయం ఉన్నది. పరిచయమున్న చోట పక్షపాతం ఉండును."

గుంటూరు నుంచి ఒక కొట్టు, బెజవాడ నుంచి ఒక కొట్టు, గురునాథం. మూడు గిటార్లూ పురికొసలతో బల్ల మీద పడుకుని ఉన్నాయి. పెళ్ళి బస్సు మీద కట్టిన పరుపుచుట్టల్లా ఉన్నాయి.

"అయ్యా, ఇప్పుడైనా ఆ తాడు..." అని గురునాథం నోరు విప్పాడు.

"ముద్ర పగిలినచో అది నమూనా కాదు. నమూనా కానిదానిని పరీక్షించుటకు మాకు అధికారం లేదు," అన్నారు విశ్వేశ్వరం గారు.

గుంటూరువాళ్ళ గిటారును యాంప్‌కి కలిపి, లెక్కల శాఖాయన వేలితో మీటారు.

డబ్.

బెజవాడవాళ్ళది మీటారు. డబ్.

గురునాథానిది మీటారు. డబ్.

లెక్కల శాఖాయన కాగితం మీద ఏదో రాసుకుని కొట్టేశారు. చేపల శాఖాయన కళ్ళు మూసుకుని, "మూడోది మరొక్కసారి" అన్నారు. మళ్ళీ డబ్ మంది.

"ఇందులో కించిత్తు గాంభీర్యం ఉంది," అన్నారాయన కళ్ళు తెరవకుండానే. "మొదటి రెండూ పైపైన పలుకుతున్నాయి. ఇది లోతులోంచి వస్తోంది. చెరువులో పెద్ద చేప మునిగినట్టు."

గురునాథానికి ఆ గాంభీర్యం ఎక్కడినుంచి వస్తోందో తెలుసు. లక్క ముద్దలోంచి వస్తోంది. కాని గెలుస్తున్న బేరానికి కారణాలు తవ్వకూడదన్నది కూడా వ్యాపారంలో ఒక లెక్కే కనుక, ఊరుకున్నాడు. పాతికేళ్ళు గడిచినా మరిచిపోలేని తప్పులు మనిషి నోరు తెరిచి చేసినవి కొన్ని, నోరు మూసుకుని చేసినవి కొన్ని.

వాయింపు సౌలభ్యానికి వచ్చేసరికి ముగ్గురు సభ్యులూ తలా ఒకసారి వాయించారు. విశ్వేశ్వరం గారి వేలికి ఉంగరం ఉంది, లెక్కల శాఖాయన వేళ్ళకు వాతం ఉంది, చేపల శాఖాయన చేతి రుమాలు చుట్టుకుని మీటారు. అయినా తేడా రాలేదు.

"ఎవరు వాయించినా ఒకేలాగున పలుకుచున్నది," అని విశ్వేశ్వరం గారు పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించారు. "శిక్షణ అవసరమే కనబడుట లేదు. ఇంతకుమించిన సౌలభ్యం ఉండబోదు. యాభైకి యాభై."

అలా గురునాథానికి పది గిటార్ల ఆర్డరు దక్కింది. బయటికొచ్చాక ప్రభుదాసు, "ఏమన్నారండీ?" అని అడిగాడు.

"చేప మునిగిందన్నారు," అన్నాడు గురునాథం.

సరుకు మాత్రం నికార్సుగా ఇవ్వాలనుకున్నాడు. మూడోదాని లాంటివే పది తెప్పించాడు. ప్రభుదాసు రోజంతా కొట్లో బాసింపట్టు వేసుక్కూర్చుని, పదింటికీ తీగలు సవరించి, మెట్ల చివర్లు నునుపు చేసి, శ్రుతి కలిపాడు. కనకరత్నం అతనికి మూడుసార్లు టీ ఇచ్చి, నాలుగోసారి అన్నమే పెట్టింది. మర్నాడు మినీ వ్యాన్‌లో పదీ కేంద్రానికి చేరాయి.

విశ్వేశ్వరం గారు బీరువా తాళం తీసి, పురికొస చుట్టిన నమూనాను బయటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. మీటారు. డబ్. తర్వాత కొత్తవాటిలో ఒకదాన్ని అదే యాంప్‌కి కలిపి మీటారు. గది నిండా నాదం లేచి, కిటికీ అద్దాల దాకా వెళ్ళి, మెల్లగా వెనక్కి వచ్చింది.

విశ్వేశ్వరం గారి ముఖం పాలిపోయింది.

"గురునాథం గారూ, మీ వంటివారు ఇట్లు చేయుదురని అనుకోలేదు."

"ఏం చేశానండీ?"

"నమూనా ఒకటి చూపి, సరుకు మరొకటి ఇచ్చుచున్నారు. దీనిని ఏమందురో మీకు నేను చెప్పనక్కరలేదు."

"అయ్యా, రెండూ ఒకటేనండి! తాడు తీసి మీటండి, మీకే తెలుస్తుంది."

"తాడు తీసినచో నమూనా ఎక్కడిది? నమూనా లేనిదే దేనితో పోల్చవలెను?"

గురునాథం జవాబు కోసం గదంతా వెతికాడు. దొరకలేదు. ఎందుకంటే ఆ మాటలో తప్పు లేదు. తప్పు అంతకుముందెక్కడో జరిగిపోయింది, ఆ తర్వాత జరిగినవన్నీ ఒప్పులే.

"వారంలోగా ఆమోదిత నాదానికి సరిపోలు సరుకు ఇవ్వవలెను. లేనిచో మీ కొట్టును నల్లజాబితాలో చేర్చి, 'నమూనాకు భిన్నమైన సరుకు అంటగట్టిన వర్తకుడు' అని ఆఫీసు గోడకు నోటీసు అంటించవలసి వచ్చును. నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు."

గురునాథం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా లెక్క వేశాడు. కట్టి ఇస్తే, తమ కొట్టు గిటార్లు డబ్ మంటాయి. పోయేది పేరు. కట్టకపోతే, మోసగాడని గోడ మీద రాస్తారు. పోయేది పేరే. రెండు వైపులా ఒకే పద్దు నష్టంలో చూపించే బేరం ఆయన ఎన్నడూ ఎరగడు.

"ఎందుకండీ అంత ఇదైపోతారు?" అంది కనకరత్నం. "కట్టి ఇచ్చెయ్యండి. సంతకం అయ్యాక వాళ్ళు విప్పుకుంటారులే. పెళ్ళికూతురి ముసుగు పెళ్ళి అయ్యేదాకానే గదా!"

ఆ మాట ఆయనకు నచ్చింది. భార్యాభర్తలిద్దరూ కూర్చుని పదింటికీ పురికొస చుట్టారు. లక్క పోశారు. ధారాళంగా పోశారు, గాంభీర్యం తగ్గకూడదని. విశ్వేశ్వరం గారు పదీ ఒక్కొక్కటే మీటి, పదిసార్లు తృప్తిగా తల ఊపి, సరుకు నమూనాకు నూటికి నూరు పాళ్ళు సరిపోయిందని సంతకం చేశారు. "ఇప్పుడు మీరు నిజాయితీ గల వర్తకులు," అని చెయ్యి కూడా కలిపారు.

పెళ్ళయింది గాని ముసుగు తీయలేదు. మొదటి రోజు తరగతిలో ప్రభుదాసు ఒక గిటారు తాడు విప్పబోతే, ప్రభుత్వ ఆస్తి రూపాన్ని మార్చడానికి ప్రయత్నించినందుకు మెమో ఇచ్చారు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదన్నారు. పిల్లలు పదిమందీ గిటార్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొత్తపేటలో బట్టల ఇస్త్రీ చేసే మస్తాన్ కూతురు నస్రీన్ ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని అడిగింది.

"సార్, ఇది గిటారా, తలుపా?"

"గిటారేనమ్మా."

"మరి ఎవరైనా ఉన్నారా అని అడిగినట్టు ఉందేంది సార్?"

ప్రభుదాసు ఆ రోజునుంచి ఎడమచేతి వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో మాత్రం నేర్పించాడు. పిల్లలు పెట్టారు. కుడిచేత్తో మీటారు. వేళ్ళు ఎక్కడ పెట్టినా డబ్ మంది. మూడు నెలలకు పైనుంచి పరీక్షాధికారి వచ్చాడు. పదిమందీ వాయించిన దాంట్లో ఆమోదిత నాదానికి ఆవగింజంత తేడా కనిపించలేదు. పదిమందికీ మొదటి ర్యాంకు ఇచ్చాడు. రాష్ట్రంలో ఏ కేంద్రమూ సాధించని ఫలితమని పేపర్లో ఫోటో వేశారు. ఫోటోలో విశ్వేశ్వరం గారు మధ్యలో ఉన్నారు. గిటార్లు ముందు వరుసలో ఉన్నాయి, లక్క ముద్రలు బాగా పడ్డాయి.

ఫోటో చూసిన తల్లిదండ్రులు కొట్టు మీద పడ్డారు.

"మావాడికి వచ్చే ఏడు కేంద్రంలో సీటు కోసం ఇప్పట్నించే నేర్పిద్దామనండీ," అన్నాడు ఒక ఎరువుల షాపు ఆసామి. గురునాథం గోడమీంచి మంచి గిటారు దింపి, ఆయన కొడుకు చేతికిచ్చాడు. కొడుకు మీటాడు. ఝుమ్మంది. కుర్రాడి ముఖం విప్పారింది. తండ్రి ముఖం ముడుచుకుంది.

"వద్దు వద్దు, ఇది గణగణ మంటోంది. పరీక్షలో పోతుంది. పేపర్లో ఉన్నలాంటిది ఇవ్వండి, తాడున్నది."

కనకరత్నం భర్త వంక చూసింది. భర్త పైకప్పు వంక చూశాడు. ఆవిడ పురికొస ఉండ తీసింది.

కొన్నాళ్ళకు వాయించి చూసేవాళ్ళే లేకుండా పోయారు. అన్నీ ఒకేలా పలికేటప్పుడు వాయించి చూడడం దేనికి? మంచి మెడ, చెడ్డ మెడ అన్న భేదం పోయింది. దాంతో పక్క వీధిలో తలుపులు చేసే వడ్రంగి ఒకడు అసలు రహస్యం గ్రహించి, ప్లైవుడ్డు చెక్కకి ఆరు తీగలు బిగించి, పురికొస చుట్టి, పావు ధరకి అమ్మడం మొదలుపెట్టాడు. నాదంలో తేడా రాలేదు. పైగా కాస్త గాంభీర్యం ఎక్కువే ఉందని కొన్నవాళ్ళు చెప్పుకున్నారు.

గురునాథం వడ్రంగిని ఏమీ అనలేదు. ఆయన్ని కోసిన మాట వేరే చోట విన్నాడు. ఒకరోజు కాఫీ హోటల్లో వెనక బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"మా కౌన్సిలర్ని ఏమడిగినా ఒకటే మాటంటాడ్రా. రోడ్డన్నా చూద్దామంటాడు, నీళ్ళన్నా చూద్దామంటాడు."

"గురునాథం కొట్టు గిటారనుకో. ఎక్కడ నొక్కినా డబ్బే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. గురునాథం కాఫీ సగంలో వదిలేసి లేచాడు. వాళ్ళ నాన్న నలభై ఏళ్ళు, తను అన్నేళ్ళు కూడబెట్టింది ఒక్క హోటలు బల్ల దగ్గర చిల్లరగా చెలామణి అయిపోతోంది.

ఆ మధ్యాహ్నం కొట్టు తలుపు సగం దించుకుని ఆలోచించాడు. సంగీతం పేరు చెప్పి ఆ ఆఫీసుతో కొట్లాడటం తెలివితక్కువ. సంగీతం వాళ్ళకీ తెలియదు, తనకీ తెలియదు. తెలియనిదాని మీద ఇద్దరు వాదించుకుంటే కుర్చీ ఉన్నవాడే గెలుస్తాడు. ఇద్దరికీ తెలిసినది ఏదో చూడాలి. గడియారం మూడు కొట్టేసరికి అది దొరికింది. కాగితం తీసి, కేంద్రానికి ఒక అదనపు బిల్లు రాశాడు: పది గిటార్లకు చుట్టిన పురికొస, పోసిన లక్క, కట్టుబడి కూలి. మొత్తం కలిపి ఒక పూట కూరగాయల ఖర్చు అవదు.

"దీనికోసం బిల్లా? నవ్విపోతారు," అంది కనకరత్నం.

"నవ్వరు. ఆఫీసులో నవ్వడానికి పద్దు లేదు."

రెండో రోజే పిలుపొచ్చింది. విశ్వేశ్వరం గారు బిల్లును రెండు వేళ్ళతో పట్టుకుని ఉన్నారు.

"ఇదేమిటి? మాకు మంజూరైనది పది గిటార్లు. పురికొసకు గాని, లక్కకు గాని మంజూరు లేదు."

"మరి సరుకుతో పాటు ఇచ్చాను గదండీ. వాడుకుంటున్నారు గదా."

"మంజూరు లేని వస్తువు ప్రాంగణంలో ఉండుట ఆడిట్ అభ్యంతరం!" ఆయన గొంతులో మొదటిసారి భయం పలికింది. "ఎన్నాళ్ళుగా ఉన్నది?"

"మీరు సంతకం పెట్టిన రోజునుంచేనండి."

విశ్వేశ్వరం గారు నుదురు తుడుచుకున్నారు. "తక్షణమే తీసికొనిపొండు. సదరు పురికొస, సదరు లక్క, సాంతం. నా సమక్షంలో."

"నాకు వద్దండి, బిల్లు ఇప్పించండి చాలు," అన్నాడు గురునాథం. బేరంలో మొదటి మాటకే ఒప్పుకుంటే అవతలివాడికి అనుమానం వస్తుంది.

"తీసికొనిపొమ్మంటిని గదా!"

తరగతి జరుగుతోంది. గురునాథం జేబులోంచి కత్తెర తీశాడు. ఒక్కో గిటారు దగ్గరా వంగి పురికొస కత్తిరించాడు, లక్క ముద్ద చిట్లకుండా ఊడదీశాడు, అన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు. విశ్వేశ్వరం గారు పక్కనే నిలబడి ముక్క ముక్కా లెక్కపెట్టుకున్నారు. ప్రభుదాసు వెనకే వస్తూ ఒక్కోదాని శ్రుతి సవరించాడు. పిల్లలు చూస్తున్నారు.

నస్రీన్ ఆగలేకపోయింది. ఇన్ని నెలలుగా వేళ్ళు పెట్టి పెట్టి కాయలు కాసిన చోటే వేళ్ళు పెట్టి, మీటింది.

యాంప్‌లోంచి నాదం వచ్చింది. ఆ పిల్ల అదిరిపడి గిటారును వదిలేయబోయి, మళ్ళీ గట్టిగా పట్టుకుంది. ఇంకో చోట వేళ్ళు పెట్టింది. ఇంకోలా పలికింది. "సార్, వేరేగా వస్తంది!" అని అరిచింది. మిగతా తొమ్మండుగురూ అందుకున్నారు. అన్ని నెలలూ చెవిటివాళ్ళలా నేర్చుకున్న పాట, వేళ్ళకు కంఠతా వచ్చిన పాట, మొదటిసారి చెవులకు వినిపించింది. అక్కడక్కడా తప్పులు పలికాయి. తప్పులు పలికాయంటేనే అది వాద్యమని గురునాథానికి కూడా తెలిసింది.

ఆయన అలవాటు ప్రకారం ముఖాలు చూశాడు. పిల్లలవి చూశాడు. ప్రభుదాసుది చూశాడు. చివరికి విశ్వేశ్వరం గారిది చూశాడు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, కళ్ళు అరమోడ్చి, ఎడమ పాదంతో నేల మీద తాళం వేస్తున్నారు. పాట అయిపోయాక కూడా పాదం రెండు దెబ్బలు ఎక్కువ వేసింది. పిల్లలు ఆగకుండా మళ్ళీ మొదలుపెట్టారు.

విశ్వేశ్వరం గారు జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"చాలా బాగున్నది," అన్నారు మెల్లగా. "కాని మేము కొన్నది ఇది కాదు."

"అయ్యా..."

"మేము డబ్బిచ్చినది ఆమోదిత నాదానికి. ఇది దానికన్నా అదనం."

"ఆ అదనం నేను ఊరికే ఇస్తన్నానని రాసుకోండి."

"ఊరికే పుచ్చుకొనుట లంచం."

"అయితే మళ్ళీ కట్టెయ్యమంటారా?"

"పురికొసకు మంజూరు ఎక్కడున్నది?" విశ్వేశ్వరం గారు తల పట్టుకున్నారు. కట్టడానికి వీల్లేదు, కట్టకుండా ఉంచడానికీ వీల్లేదు. ఆయన సర్వీసులో నియమాలు ఆయన్ని ఇలా నడిరోడ్డు మీద వదిలేసి వెళ్ళడం ఇదే మొదలు. చాలాసేపటికి తల ఎత్తారు. "పైవారి నుండి స్పష్టత కోరెదను. స్పష్టత వచ్చువరకు యథాతథ స్థితి. ఈ క్షణమున ఏది ఎట్లున్నదో అది అట్లే ఉండవలెను."

నస్రీన్ వాయిస్తూనే అడిగింది. "మేం వాయిస్తా ఉన్నాం గదండీ మరి?"

విశ్వేశ్వరం గారు ఆలోచించారు. "వాయించుచున్నారు గనుక, వాయించుచునే ఉండవలెను."

"అన్నానికి లేవచ్చాండీ?"

"దానిని కూడ ఉత్తరంలో చేర్చెదను."

తన గదికొచ్చి అప్పటికప్పుడు ఉత్తరం రాయించి, కవరులో పెట్టి, అంటించి గురునాథం ముందు పెట్టారు. "మీరు పోస్టాఫీసు మీదుగానే పోవుదురు గదా? శ్రమ అనుకోక దీనిని అందజేయండి. ఇంత ముఖ్య విషయం గనుక రిజిస్టర్ పోస్టులో పంపుదమనుకొనుచున్నాను."

గురునాథం కవరు చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. అందులో తన పేరు ఉంది, పది మంది పిల్లల వేళ్ళు ఉన్నాయి. లోపలి గదిలోంచి పాట రోడ్డు మీదికి పోతోంది, గేటు దగ్గర అప్పటికే నలుగురు నిలబడి వింటున్నారు. ఆయన గోనెసంచి భుజాన వేసుకుని, కవరును అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో వినయంగా దాన్ని బల్ల మీద వెనక్కి పెట్టాడు.

"పంపుతానండి, నాదేముంది. కాని రిజిస్టర్ ఖర్చుకి మంజూరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. తర్వాత ఆడిట్లో మాట రాకూడదు గదా, మీలాంటి పెద్దమనిషికి."

విశ్వేశ్వరం గారు ఉలిక్కిపడి కవరును చూశారు. సొరుగు లాగి, దాన్ని భద్రంగా లోపల పెట్టి, తాళం వేసుకున్నారు.

"సమయానికి గుర్తుచేసితిరి," అన్నారు కృతజ్ఞతగా. "ముందు ఆ మంజూరుకై రాయవలెను."